సొనలోని నీలం

నూజివీడు పేరు చెప్పగానే అందరూ మామిడి రసాల సంగతి అడుగుతారు. చిన్న రసాలా, పెద్ద రసాలా, ఈ ఏడు కాపు ఎలా ఉంది అని. సొన గురించి ఎవరూ అడగరు. కాయ కోసిన చోట తొడిమలోంచి చిమ్మే ఆ జిగురు చర్మం మీద పడితే పొక్కుతుంది, కాయ మీద పడితే నల్లమచ్చ కడుతుంది, చీర మీద పడితే ఆ చీర ఇక వంటింటికే. నా ఉద్యోగంలో మంచి కాలమంతా ఆ సొనతోనే గడిచింది. నా గురించి కూడా ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ప్రయోగశాలల్లో ఇప్పుడిప్పుడే తెల్లకోటు తొడుక్కుంటున్న పిల్లలు చదువుతారని ఆశ.

ఇక్కడి ఒక కాలేజీ ప్రయోగశాలలో టెక్నికల్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. హోదా పెద్దదే. కుర్చీకి మాత్రం ఒక చెయ్యి విరిగి ఉండేది. కొత్తది అడిగితే, "నిలబడి చేసే పనే కదమ్మా నీది" అన్నారు మా ప్రొఫెసర్ గారు. ఆ మాట అన్నప్పుడు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది. నేను పెంచిన స్ఫటికాల ఫొటో కాలేజీ క్యాలెండరు మీద అచ్చయింది, కింద నా పేరు లేదు. ప్రయోగశాల వార్షికోత్సవం గ్రూపు ఫొటోలో నా ఎడమ భుజం ఒక్కటే పడింది. స్ఫటికాలు పెరగడానికి గది చల్లదనం మారకుండా ఉండాలని నేను పోరాడి తెప్పించిన ఏసీ మూడో నాటికి మీటింగు హాల్లో తేలింది. ఇవన్నీ ఇప్పుడెందుకంటే, నేను చెప్పబోయే మధ్యాహ్నం నాడు ఎలాంటి మనసుతో కూర్చున్నానో మీకు తెలియాలి.

మాది ఉంగుటూరు వైపు, వరి పండించే ఇల్లు. మామిడితో నాకు చుట్టరికం లేదు. సొనలో ఒక ఎంజైము ఉందనీ, కాయ మీద మచ్చ నల్లబడేది దానివల్లనేననీ ఉద్యోగంలో చేరాకే తెలుసుకున్నాను. ఆ ఎంజైము లోపల నాలుగు రాగి పరమాణువులు ఉంటాయి. అది సొనలోని నూనెలాంటి పదార్థం దగ్గర ఎలక్ట్రాన్లు లాక్కుని, గాలిలోని ఆక్సిజన్‌కు అందిస్తుంది. నూనె నల్లబడుతుంది, ఆక్సిజన్ నీరైపోతుంది. పుస్తకంలో ఇది రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాల మధ్య ఏం జరుగుతుందో మా సొన ఎంజైములో చూసినవారెవరూ మాకు తెలిసి లేరు. కోతకు ముందు తోట ఫొటో ఒకటి, కోత అయిపోయాక ఫొటో ఒకటి ఉండి, కోత మాత్రం ఎవరి కంటా పడనట్టుండేది మా పరిస్థితి.

ఎంజైమును ఉప్పుగల్లులా స్ఫటికం కట్టించి, అందులోకి ఎక్స్ కిరణాలు పంపి, అవి చెదిరిన తీరును బట్టి ఏ పరమాణువు ఎక్కడుందో లెక్కగట్టడం పాత విద్య. అందులో కనిపించేది కదలని బొమ్మ. కొత్త విద్యలో స్ఫటికం మీద ఒక చుక్క వేస్తారు. ఎంజైము పని చేయడానికి కావలసిన సరుకు ఆ చుక్కలో ఉంటుంది. చుక్క పడిన కొన్ని మిల్లీసెకన్లకు కిరణం కొడతారు. ఆ దెబ్బతో ఆ స్ఫటికం పని అయిపోతుంది. ఇంకో స్ఫటికం మీద ఇంకో చుక్క, మళ్లీ కిరణం. అలా వేల స్ఫటికాలు కలిపితే ఒక్క క్షణం పటం వస్తుంది. ఇంకొంచెం ఎక్కువసేపు ఆగి, మళ్లీ వేల స్ఫటికాలతో తర్వాతి క్షణం. పటాలన్నీ వరుసగా పేరిస్తే ఎంజైము కదులుతూ కనిపిస్తుంది. మా రాగి ఎంజైముకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఎక్స్ కిరణమే దానికి ఎలక్ట్రాన్లు తినిపించి స్థితి మార్చేస్తుంది. అందుకని ఒక్కో స్ఫటికాన్ని ఒక్కసారే చూడాలి.

అలాంటి కిరణం మన బల్ల మీద పుట్టదు. ఊరంత వలయం కట్టి, అందులో ఎలక్ట్రాన్లను పరుగులు పెట్టించే కేంద్రం ఒకటి విదేశంలో ఉంది. ఎన్నో దరఖాస్తుల తర్వాత వాళ్లు మాకు ఒక్క పగలు ఇచ్చారు. అది జూన్‌లో పడింది. అదే నెలాఖరుకు నా పదవీ విరమణ. ఆ పగలు తప్పితే మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు, మళ్లీ సొన కావాలంటే వచ్చే వేసవి దాకా ఆగాలి, అప్పటికి నేను ప్రయోగశాల గుమ్మం తొక్కాలన్నా వాచ్‌మన్ని అడగాలి. ఇన్నేళ్లు మోసిన ఎంజైము పని చేస్తుండగా ఒక్కసారి చూడాలన్నది నా కోరిక. నాకు వేరే కోరికలు ఉండేవి కానీ అవి తీరవని అప్పటికే అర్థమైంది.

ఆ వేసవి సొన ముసునూరు దగ్గరి తోటలో పట్టాం. తెల్లవారుజామున అయితే బాగా చిమ్ముతుంది. తోట కౌలుకు తీసుకున్న షావుకారు గారిది నూజివీడులో మామిడి మండీ. ఆయన కూతురే మా దగ్గర పరిశోధన చేసే విద్యార్థిని. తొడిమ విరిచి కాయను బోర్లాపెట్టి కూలీలు సొన కారుస్తుంటే, మేమిద్దరం గాజు గొట్టాలు పట్టుకుని వెంట తిరిగాం.

"రసం వదిలేసి సొన పట్టుకుపోతున్నారేంటండీ మేడమ్ గారూ?" అన్నారు షావుకారు గారు. "మీ అమ్మాయి చదివే చదువు ఇదేనా అని బజార్లో అడుగుతున్నారు నన్ను."

"ఇదేనండీ."

"మచ్చ పడకుండా మందేమన్నా కనిపెడతారా మరి?"

"లేదండీ. మచ్చ ఎలా పడుతుందో చూస్తాం."

"ఎలా పడుతుందో నేను రోజూ చూస్తూనే ఉన్నాను కదండీ! దానికి అంత దూరం పోవడం దేనికి?"

కూతురు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అప్పటికే మణికట్టు మీద పొక్కులు లేచాయి.

సొనలోంచి ఎంజైమును విడదీయడం విసుగు పుట్టించే పని, అది చెప్పి మిమ్మల్ని వేధించను. చివరి మెట్టు ఒక్కటి చెబుతాను. గాజు గొట్టంలో తెల్లటి పొడి లాంటి పదార్థం నింపి, అందులోంచి ద్రవాన్ని మెల్లగా దింపుతాం. మురికి, జిగురు, గోధుమరంగు అంతా ఒక్కొక్కటే కారిపోతుంది. ఆ తర్వాత మధ్యలో ఒక నీలం పట్టీ తేలుతుంది. తెల్లచొక్కాలకు పెట్టే నీలిమందు లేతగా కలిపినట్టు. ఆ రంగు రాగిది. చేతులు కాల్చే ఆ జిగురు లోపల అంత శుభ్రమైన రంగు ఉందని మొదటిసారి చూసిన రోజు నేను భోజనానికి వెళ్లడం మరిచిపోయాను. ఎన్నేళ్లు చేసినా, ఆ పట్టీ కనిపించే వేళకు గదిలో ఎవరైనా మాట్లాడితే నాకు కోపం వచ్చేది.

స్ఫటికాలు బాగానే కట్టాయి. విదేశం నుంచి వచ్చిన సూచనల్లో, సన్నని జల్లెడ పట్టి ఒకే సైజువి తీసుకురండి అని ఉంది. ఆ పని విద్యార్థిని చేసింది. జల్లెడ మీద నిలిచినవి మెరిసిపోతున్నాయి, పలకలు పలకలుగా, నీలంగా. ప్రొఫెసర్ గారు సూక్ష్మదర్శినిలో చూసి మురిసిపోయారు. ఆయన చదువుకున్న కాలంలో స్ఫటికం ఎంత పెద్దదైతే అంత గొప్ప. ఆ అమ్మాయి పుట్టి పెరిగిన మండీలోనూ అంతే, పైన నిలిచింది గ్రేడు, కింద పడింది పచ్చళ్ల వాళ్లకు. జల్లెడలోంచి జారిపోయిన సన్ననివాటిని ఆమె ఒక గొట్టంలోకి వంచి, పారబోయడానికి పక్కన పెట్టింది.

నేను పారబోయనివ్వలేదు. దానికో కథ ఉంది. కొన్నేళ్ల కిందట ప్రొఫెసర్ గారే చెప్పగా ఒక సీసా ఖాళీ చేశాను. మర్నాడు బయటివాళ్ల ముందు, "అందులో ఏముందో నీకేం తెలుసమ్మా, అడక్కుండా పారేస్తావా?" అన్నారు. ఆ రోజు నుంచి ఆ ప్రయోగశాలలో నేను దేన్నీ పారేయలేదు. ఫ్రిజ్‌లో చోటు లేదని తాఖీదులు వచ్చాయి. చోటు చేయాలంటే కాగితం మీద రాసి సంతకం పెట్టండి అన్నాను. ఎవరూ పెట్టలేదు.

"ఇది కూడా తీసుకెళ్లు," అన్నాను ఆ అమ్మాయితో.

"ఎందుకు మేడమ్, సన్నటి పొట్టు కదా?"

"మన చెట్ల సొన. పారేయాలనుంటే అక్కడే పారెయ్. నా చేత మాత్రం పారేయించకు."

ప్రొఫెసర్ గారు తలుపు దగ్గర నుంచి విన్నారు. "ఆ నలుసులు మొయ్యడం ఎందుకమ్మా? అన్నిటికీ పేచీయేనా?"

నలుసులు. నా చేతి మీద పొక్కులు ఇంకా ఎండలేదు, ఆయన నోటి వెంట ఆ మాట. నేను గొట్టాన్ని మెత్తని గుడ్డలో చుట్టి, డబ్బా అడుగున నా చేత్తో పెట్టాను. ప్రయాణానికి ఇద్దరికే వీలైంది, ఆయనకూ ఆ అమ్మాయికీ. ఈ పని కోసమే విజయవాడ తిరిగి తిరిగి నేను చేయించుకున్న పాస్‌పోర్టు ఈనాటికీ ఒక్క ముద్ర లేకుండా కొత్తగా ఉంది.

ఆ రోజు వాళ్లకు ఉదయం, మాకు మధ్యాహ్నం. కంప్యూటర్‌లో అక్కడి తెరలు, మాటలు ఇక్కడికి అందేలా ఏర్పాటు చేశారు. నేను ఒక్కదాన్నే కూర్చుందామనుకుంటే షావుకారు గారు దిగారు, భుజాన కండువాతో. బిడ్డ అంత దూరం వెళ్లడం అదే మొదలు. వచ్చీ రాగానే నా కుర్చీలోనే కూర్చున్నారు. విరిగిన చెయ్యి వైపు ఒరిగి, "ఇదేంటండీ, కుర్చీ ఇలా ఉంది?" అన్నారు. అంత కాలంలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే కాబట్టి లేవమని చెప్పలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

తెర మీద తేనెపట్టులాంటి సన్నని పలక కనిపించింది. గడి గడికీ ఒక స్ఫటికం కూర్చోవాలి. మా స్ఫటికాలు గడుల్లో దిగలేదు. కొన్ని అంచుల మీద అడ్డం పడ్డాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. చుక్కలు పడ్డాయి. నీలం పోయి తెల్లబడాలి, ఎందుకంటే ఎలక్ట్రాన్లు అందుకున్న రాగికి రంగుండదు. అంచులు తెల్లబడ్డాయి. మధ్యలో నీలం నీలంగానే ఉంది.

తొలి పటం వచ్చింది. అన్నీ ఒకదాని మీద ఒకటి అలికేసినట్టున్నాయి. రెండోదీ అంతే. ఎక్కువసేపు ఆగి చూశారు, తక్కువసేపు ఆగి చూశారు. అక్కడ గంటలు కరుగుతున్నాయి. ప్రొఫెసర్ గారు, "ఇంత మంచి స్ఫటికాలు, ఇంత మంచి స్ఫటికాలు," అని అదే మాట అంటున్నారు. ఇక్కడ నేను స్టూలు అంచు పట్టుకుని, నెలాఖరు దాకా ఉన్న రోజుల్ని మనసులో ముందుకీ వెనక్కీ జరుపుతున్నాను.

ఉన్నట్టుండి ఆ అమ్మాయి గొంతు వినిపించింది. "మేడమ్, ఒకసారి కెమెరా బొమ్మ చూడండి. పెద్దకాయను మాగేసినట్టు లేదూ? పైన పండింది, టెంక దగ్గర పచ్చిగానే ఉంది."

నిజమే. చుక్కలోని సరుకు పెద్ద స్ఫటికం నడుమకు చేరేసరికి, అంచుల్లోని ఎంజైములు పని ముగించుకుని కూర్చున్నాయి. ఒకేసారి మొదలు కానివాటిని ఒకే పటంలో ఎలా చూస్తాం? అక్కడి శాస్త్రవేత్త ఒకామె సూచనల కాగితం తీసి చూపించింది. జల్లెడ పట్టి అంటే వాళ్లకు కావలసినవి కింద పడ్డవట. సన్ననివైతే చుక్క ఒక్క పెట్టున లోపల దాకా ఇంకుతుంది.

తర్వాత, "నాన్నా," అంది ఆ అమ్మాయి. "నేను జల్లెడ మీదవి ఉంచాను. మన మండీలో చేసినట్టే చేశాను."

"మరి పైవే కదే మంచివి!" అన్నారు షావుకారు గారు లేచి నిలబడి.

"ఇక్కడ కిందవంట నాన్నా."

"కిందవేం చేశావే తల్లీ?"

"డబ్బా అడుగున ఉన్నాయి," అన్నాను నేను. "గుడ్డలో చుట్టి ఉంది చూడు."

"ఏవమ్మా," అన్నారు ప్రొఫెసర్ గారు. "ఆ నలుసులా?"

"ఆ నలుసులే సార్."

పిల్లలూ, ఇక్కడ ఒక మాట. అవే పనికొస్తాయని నాకు తెలిసి దాచలేదు. తెలిసే దాచానని ఇప్పుడు చెప్పుకుంటే కాదనేవారు లేరు. కానీ నేను దాచింది పంతానికి. పంతం విజ్ఞానానికి పనికొస్తుందని ఎక్కడా చెప్పరు. ఒక్కోసారి పనికొస్తుంది.

సన్ననివి పలకలో గడి గడికీ దిగాయి, నారుమడిలో విత్తనాల్లా. చుక్క పడింది. నీలం మొత్తం ఒక్కసారిగా మాయమైంది.

"పోయిందేంటి?" అన్నారు షావుకారు గారు గాభరాగా.

"పోలేదండీ. పని మొదలుపెట్టింది."

"మరి కిరణం తగిలాక ఆ స్ఫటికం?"

"అది ఇక పనికిరాదండీ. ఒక్కోటి ఒక్కసారే కనిపిస్తుంది."

"అంటే చూసిందల్లా పోతుందన్నమాట." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఇన్నీ మా పిల్ల చేతుల మీదుగానే పోతున్నాయా?"

అక్కడి కంప్యూటర్లు వేలకొద్దీ చెదిరిన బొమ్మల్ని కలిపి పటాలు గీశాయి. అవి తొలిచూపు పటాలు. తర్వాత వాటి మీద నెలల తరబడి లెక్కలు జరిగాయి, కొన్ని మాటలు వెనక్కి తీసుకున్నారు కూడా. నేను చెప్పేది ఆ మధ్యాహ్నం కంటితో చూసింది మాత్రమే.

మొదటి పటంలో ఎంజైము ఖాళీగా ఉంది. సన్నని దారాల వల అల్లినట్టు దాని ఆకారం, లోపల నాలుగు రాగి ముద్దలు. రెండో పటంలో గుమ్మం దగ్గర ఒక కొత్త ఉబ్బు. మేం వేసిన సరుకు వచ్చి నిలబడింది. గుమ్మానికి అడ్డంగా ఉండే ఒక భాగం పక్కకు తప్పుకుంది, ఇంటికి వచ్చినవాళ్లకు దారి ఇచ్చినట్టు. నేను ఎన్నో ఏళ్లు ఆ భాగం పేరు రాశాను, బొమ్మ గీశాను, అది కదులుతుందని పిల్లలకు చెప్పాను. కదిలినట్టు చూడటం వేరు. నా వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది.

తర్వాతి పటంలో లోపల, మూడు రాగులు గుమిగూడిన చోట, కిందటి పటంలో లేనిదొకటి ఉంది. పొట్టి కడ్డీలాంటిది. ఆక్సిజన్. ఆ తర్వాతి పటంలో కడ్డీ లేదు. రెండు విడివిడి ఉండలున్నాయి, వాటిలో ఒకటి బయటికి పోయే దారి పట్టింది.

"ఆ బయటికి పోయేదేంటండీ?"

"నీళ్లండీ."

"నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చినై?"

"గాలిలోంచి. మీరూ నేనూ పీలుస్తున్న గాలే. ఈ ఎంజైమే దాన్ని నీళ్లు చేసింది."

ఆయన తెరకు దగ్గరగా వంగారు. "మా మండీలో కాయ మీద మచ్చ పడేటప్పుడు, ప్రతి కాయ మీదా ఇదే జరుగుతోందా?"

"ప్రతి కాయ మీదా. మీరు చిటికె వేసేలోపు ఎన్నోసార్లు."

"ఎన్నేళ్లు తిట్టానండీ దాన్ని," అన్నారాయన మెల్లగా. మందు సంగతి మళ్లీ అడగలేదు.

బయట చీకటి పడింది. వాళ్లకు ఇచ్చిన సమయం చివరికొచ్చింది. ఇంకొక్క పటానికి సరిపడా స్ఫటికాలు మిగిలాయని అక్కడి శాస్త్రవేత్త చెప్పింది. ఏ క్షణం తీద్దామన్న ప్రశ్న వచ్చింది. ప్రొఫెసర్ గారు మొదటి పటాన్నే మళ్లీ తీసి గట్టి చేసుకుందామన్నారు. అది తెలివైన మాట, తప్పు పట్టను.

"మేడమ్‌ని అడుగుదాం సార్," అంది ఆ అమ్మాయి. "ఇవి ఆవిడ ఇచ్చినవి."

అవతల నుంచి ప్రొఫెసర్ గారి గొంతు: "చెప్పమ్మా. ఏది చూద్దాం?"

ఆ ప్రయోగశాలలో నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. కాస్త ఆలస్యం చేసి ఆయన్ని కూర్చోబెట్టే హక్కు నాకు ఉంది. కానీ అప్పుడు ఆ బుద్ధి పుట్టలేదు.

"కడ్డీ ఉన్న పటానికీ, తెగిన పటానికీ నడుమ," అన్నాను. "తెగేటప్పుడు."

"అంత ఇరుకులో ఏమీ దొరక్కపోవచ్చమ్మా. అన్నీ వృథా కావచ్చు."

"కానివ్వండి సార్. దొరకలేదనైనా తెలుస్తుంది."

ఆయన కాదనలేదు. చుక్కలు పడ్డాయి, కిరణం కొట్టింది. ఆఖరి స్ఫటికం దాకా అయిపోయింది. నేను పట్టిన సొన, మా విద్యార్థిని కట్టిన స్ఫటికాలు, ఆ వేసవి మొత్తం. ఇక ఫ్రిజ్‌లో దాచడానికి కూడా ఏమీ లేదు. కంప్యూటర్లు లెక్కలు వేస్తున్నంతసేపూ షావుకారు గారు కండువా కొస మెలిపెడుతూనే ఉన్నారు.

పటం తెర మీదికి మెల్లగా, పొరలు పొరలుగా వచ్చింది. మూడు రాగుల నడుమ, కిందటి పటంలోని కడ్డీ సాగి ఉంది. పూర్తిగా తెగలేదు. నడుమ సన్నని దారంలా ఒక పలచటి వంతెన మిగిలి, రెండు కొసలూ చెరొక రాగి వైపు ఒరిగి ఉన్నాయి. ప్రాణం నిలబెట్టే వాయువు నీరయ్యే ముందు అలా ఉంటుందన్నమాట. ఎవరూ చూడకపోయినా, ఎవరూ పేరు పెట్టకపోయినా, చెట్టు చెట్టునా ఇన్ని వేసవులుగా అలా తెగుతూనే ఉందన్నమాట.

చాలాసేపటికి ప్రొఫెసర్ గారు, "అమ్మా," అన్నారు. "చూస్తున్నారా మీరు?"

ఆయన నన్ను మీరు అనడం నేను విన్నాను. వినీ, దాన్ని గుర్తుపెట్టుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా తెర వైపే చూస్తుండిపోయాను.

"అమ్మా? వినబడుతోందా?"

షావుకారు గారు కంప్యూటర్ దగ్గరికి వంగి, మండీలో వేలంపాట పాడే గొంతుతో అన్నారు: "చూస్తున్నారండీ! వినబడుతోంది కూడానండీ! ఆవిడ మాట్లాడకుండా ఉండటం నేనూ ఇప్పుడే చూస్తున్నాను, కాస్త ఆగండి!"